ఫీటా, స్కోరా: లెవెల్ 4 దగ్గర జాగ్రత్తలు

మన విజయనగరం బ్యాచ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో పాత్రలు పోషించే ఆట) ఆడేవాళ్లు చాలామంది లెవెల్ 4కి వస్తున్నారు. అక్కడ పాత్రకి ఒక ఎంపిక వస్తుంది: బలం, చురుకుదనం లాంటి సామర్థ్య స్కోరు పెంచుకోవడమా (ఒకదానికి +2, లేదా రెండింటికి చెరో +1), ఫీట్ అనే ప్రత్యేక నైపుణ్యం తీసుకోవడమా. ఆదివారం మేడ మీద కూర్చున్నాక టెన్షన్ పడకుండా, పాత్ర వివరాల షీటు దిద్దే ముందే ఇవి చూసుకోండి.

• 2014 రూల్సా, 2024 రూల్సా అని ముందు డీఎంని (ఆట నడిపించే వ్యక్తిని) అడగండి. 2014 పుస్తకంలో ఫీట్లు ఐచ్ఛికం, డీఎం ఒప్పుకుంటేనే. 2024లో స్కోరు పెంపు కూడా ఒక ఫీటే.

• స్కోరు సరి సంఖ్యా, బేసి సంఖ్యా? మాడిఫయర్ (స్కోరును బట్టి పాచిక అంకెకు కలిపే సంఖ్య) సరి సంఖ్య దగ్గరే పెరుగుతుంది. 16ని 17 చేస్తే దాడికి ఒరిగేదేమీ లేదు. అదే 17 ఉంటే, +1 కూడా ఇచ్చే ఫీట్ తీసుకోండి: స్కోరు 18 అవుతుంది, ఫీటూ దక్కుతుంది. రెండు బేసి స్కోర్లుంటే చెరో +1 వేసేయండి. ఈ పెంపుతో ఏ స్కోరూ 20 దాటదు. మెయిన్ స్కోరు సరిగ్గా 16 అయితే? నేనైతే కళ్లు మూసుకుని 18 చేస్తాను. ప్రతి దాడికీ పనికొస్తుంది కదా!

• మల్టీక్లాస్ వాళ్లూ (ఒకటికి మించి క్లాసులు, అంటే పాత్ర వృత్తులు, తీసుకున్నవాళ్లూ), ఫైటర్ 3, రోగ్ 1 కలిపితే 4 అవుతుంది గానీ ఏమీ రాదు. ఒకే క్లాసులో 4 ఉండాలి.

• పాత వీడియోలు చూసి గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్‌కి ఎగబడకండి. గురికి −5, దెబ్బకు +10 అన్నది 2014 లెక్క. 2024లో మారిపోయింది.

• కాన్‌స్టిట్యూషన్ (శరీర దారుఢ్యం) మాడిఫయర్ పెరిగితే పాత లెవెళ్లకూ హిట్ పాయింట్లు (పాత్ర తట్టుకోగల దెబ్బల లెక్క) కలపండి.