పూజారిణి పాత్ర తేలిపోతోందా? సమస్య - కారణం - పరిష్కారం

ఫాంటసీ సిరీస్‌లో మంచిదో చెడ్డదో తేల్చుకోలేని పూజారిణిని రాయాలంటే ఇబ్బందులు దాదాపు ఒకే చోట్ల వస్తాయి. మీ రాతప్రతిలో ఏ లక్షణం ఉందో ముందు పోల్చుకోండి, ఆ తర్వాత మరమ్మతుకు దిగండి.

మూడో అధ్యాయానికే "ఈవిడే విలన్" అంటున్నారు

కారణం చాలాసార్లు వేషంలోనే ఉంటుంది: నల్లచీర, రూపాయి కాసంత కుంకుమబొట్టు, పెదవి చివర నవ్వు. పైగా ఆమె ఏం చేసినా లాభం ఆమెకే. ఆమె కనిపించే మొదటి మూడు సన్నివేశాలు ముందు పెట్టుకుని, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని పక్కన రాయండి. ఒక్కదాంట్లోనైనా ఆమె చేతి నుంచి ఏదో పోవాలి. పెద్ద త్యాగం అక్కర్లేదు. కరువు ఏడాది మొక్కు తీర్చుకోవడానికి ఓ ముసలమ్మ తెచ్చిన మేకపోతును కొయ్యనివ్వకుండా ఆమెకే తిప్పి ఇచ్చేసింది. ఆ రాత్రి గుడి పనివాళ్లు పస్తున్నారు. ఇది దయేనా అని పాఠకుడు అక్కడే ఆగుతాడు.

గతం చెప్పగానే పాత్ర చప్పబడింది

చిన్నప్పటి కష్టంతో ఇప్పటి తప్పును కడిగేస్తే జరిగేది ఇదే. ఫ్లాష్‌బ్యాక్ ఒక పేజీ దాటనివ్వకండి. ఆమె వల్ల నష్టపోయిన మనిషికీ అంతే చోటివ్వండి, అతని కళ్లతోనే చూపించండి. ఇంకోమాట: జోగిని, బసివి ఆచారాలను కథకు రంగు అద్దడానికి వాడుకోకండి. ఆడపిల్లలను గుడికి అంకితమివ్వడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టం నిషేధించింది. ఆ బతుకు బతికినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

జోస్యం ఫలించింది కానీ పాఠకుడికి మోసంలా అనిపించింది

వాక్యం ముందు రాసేసి అర్థం తర్వాత వెతుక్కోవడం వల్ల వస్తుంది. పర్షియా మీదికి పోవచ్చా అని లిడియా రాజు క్రీసస్, పూజారిణి నోట దేవుడి వాక్కు పలికే గ్రీకు గుడి డెల్ఫీలో అడిగించాడు. పోతే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని వాక్కు వచ్చింది. కూలింది అతనిదే. ఏ సామ్రాజ్యమని అతను అడగలేదు. మీరూ ఈ వరసలోనే రాయండి: ముందు జరగగల రెండు ఫలితాలు, తర్వాత రెండింటికీ అతికే ఒక్క వాక్యం, చివర అడిగినవాడు అడగకుండా వదిలేసిన ప్రశ్న. ఆ మూడోది లేకపోతే మోసమే.

దేవత నిజంగా పలుకుతోందా లేదా తేలక కథ జారిపోతోంది

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. రచయితకే తెలియకపోవడం అసలు కారణం. సందేహం పాఠకుడికి మిగలాలంటే మీ దగ్గర లెక్క పక్కాగా ఉండాలి. సిరీస్ మొత్తంలో వచ్చే వాక్కులన్నీ ఒక కాగితం మీద రాయండి. పది ఉన్నాయనుకుందాం: ఆరు దేవతవి, మూడు ఆమె కల్పించినవి, ఒకటి సగం విని సగం తను నింపింది. ఆ ఒక్కదాన్ని మొదటి పుస్తకం ఆఖర్లో పెట్టండి. దాని గుట్టు రెండో పుస్తకం సగం దాటేదాకా విప్పకండి.

కల్పించిన వాక్కు వెనక ఒత్తిడి కనబడాలి. క్రీ.పూ. 491 ప్రాంతంలో స్పార్టా రాజు క్లియోమెనీస్ సాటి రాజు డెమరాటస్‌ను గద్దె దించాలనుకున్నాడు. డెల్ఫీలో పలుకుబడి ఉన్న కోబోన్‌ను పట్టుకుని, పెరియల్లా అనే పూజారిణి చేత డెమరాటస్ తన తండ్రికి పుట్టినవాడు కాదని పలికించాడు. గుట్టు రట్టయ్యాక కోబోన్ ఊరొదిలి పోయాడు, పెరియల్లా పదవి ఊడింది. ఆమె మనసులో ఏముందో ఈ సంగతి చెప్పిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాయలేదు. మీ పూజారిణి మనసులో మాత్రం రెండు కారణాలు పెట్టండి: పదిమందికి చెప్పుకోగలిగింది ఒకటి, తనకు తానే ఒప్పుకోలేనిది ఇంకొకటి.

అధికారమంతా ఆమెదే, ఎదురే లేదు

ఆమె పలికే రోజులు తగ్గించండి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో రంగం ఏడాదికి ఒక్కసారే. పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి వినిపిస్తారు. డెల్ఫీలో మామూలుగా నెలకు ఒక్కరోజు, చలికాలంలో అదీ లేదు. పైగా ముందు మేక మీద చన్నీళ్లు చల్లేవాళ్లు. అది ఒళ్లంతా వణికితేనే దేవుడు సరేనన్నట్టు. ఒకసారి మేక కదల్లేదు. దూరం నుంచి వచ్చినవాళ్లను మెప్పించాలని పూజారులు నీళ్లు కుమ్మరించి, వణికాకే వదిలారు. ఇష్టం లేకుండానే లోపలికెళ్లిన పూజారిణి అరుస్తూ బయటికి పరుగెత్తింది, కొద్దిరోజులకే చనిపోయింది. ఇది అక్కడే పూజారిగా చేసిన ప్లూటార్క్ రాసిన సంగతి. మీ గుడిలోనూ ఆమెకు అడ్డుపడగల ముగ్గురు ఉండాలి: తాళాలు పట్టుకున్నవాడు, కానుకల లెక్క రాసేవాడు, రేపు ఆ పీటెక్కబోయే పిల్ల.

రెండో పుస్తకానికి మెత్తబడి హీరో పక్షం చేరింది

వెనక్కి తీసుకోలేని నిర్ణయం పుస్తకానికి ఒకటి చొప్పున ఉండాలి. ఆమె కాపాడిన బిడ్డదీ, బలిచ్చిన బిడ్డదీ ఒకే ఊరు చేయండి. మూడో పుస్తకం జాతరలో ఆ ఇద్దరు తల్లుల్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, ఆమె చేతనే వడ్డింపించండి.