స్కేట్‌బోర్డ్ ట్రక్కులు: కంపెనీ కంటే ముందు కొలత

ట్రక్కు అంటే బోర్డు అడుగున చక్రాలని పట్టి ఉంచే లోహపు భాగం. ఇండిపెండెంట్ కంపెనీది కొనాలా, థండర్‌ది కొనాలా అని అడిగేముందు టేపు తీసి బోర్డు వెడల్పు కొలవండి. ట్రక్కు యాక్సిల్ (రెండు చక్రాలూ తొడిగే ఇరుసు) పొడవుకీ బోర్డు వెడల్పుకీ తేడా పావు అంగుళం దాటకూడదు. యాక్సిల్ మరీ పెద్దదైతే చక్రాలు బయటికి పొడుచుకొచ్చి కాలికి తగులుతాయి. మరీ చిన్నదైతే అంచు మీద కాలు వేయగానే బోర్డు ఒరిగిపోతుంది.

తికమక పెట్టేది డబ్బా మీది నెంబరు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 8.25 అంగుళాల యాక్సిల్ కావాలంటే ఇండిపెండెంట్‌లో 144, థండర్‌లో 148, వెంచర్‌లో 5.6, ఏస్ కంపెనీ ఏఎఫ్1 మోడల్‌లో 44. అదే 8.5 అయితే వరసగా 149, 149, 5.8, 55. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు నెంబరు వదిలేసి అంగుళాలే చూడండి.

కొలత తేలాక స్వభావం చూడాలి. ఏస్ బాగా లోతుగా తిరుగుతుంది; మలుపులు కొట్టడం ఇష్టమున్నవాళ్ళకి అదే. వెంచర్ అంతగా తిరగదు, కానీ మెట్ల మీంచి దూకి దిగినప్పుడు నిలకడగా ఉంటుంది. థండర్ ఇండిపెండెంట్ కంటే కాస్త పొట్టి, చురుకు ఎక్కువ. మొదటి జత కొనేవాళ్ళకి మా ఓటు 1978 నుంచీ ఉన్న ఇండిపెండెంట్‌కే. ఎత్తుగా ఉంటుంది కాబట్టి 54 మిల్లీమీటర్ల చక్రం వేసినా సాధారణంగా బోర్డుకి రాసుకోదు. థండర్‌కి అదే చక్రం వేసి కింగ్‌పిన్ (ట్రక్కు మధ్యలో ఉండే పెద్ద బోల్టు) వదులుగా పెడితే మలుపులో చక్రం బోర్డుకి కరుచుకుంటుంది, బండి ఆగుతుంది, మీరు మాత్రం ఆగరు. బోర్డు అడుగున నల్లటి చార కనిపిస్తే అదే గుర్తు. బోర్డుకీ ట్రక్కుకీ మధ్యలో ఎత్తు పెంచే 3 మిల్లీమీటర్ల పలక, అంటే రైజర్ వేసి, ట్రక్కుని బోర్డుకి బిగించే బోల్టులు కాస్త పొడుగువి తీసుకోండి.

స్పానర్ దగ్గర జాగ్రత్త. ఈ నట్లన్నీ అంగుళాల కొలతవి: కింగ్‌పిన్‌కి 9/16, యాక్సిల్‌కి 1/2, బోల్టులకి 3/8. ఆటోనగర్‌లో మామూలుగా చేతికిచ్చే 14 నెంబర్ స్పానర్ కింగ్‌పిన్ నట్టుకి దూరదు, 15 జారుతుంది. జారినప్పుడల్లా నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, ఆ తర్వాత కటింగ్ ప్లేయరే గతి. అంగుళాల సాకెట్టే అడిగి తీసుకోండి.

బిగించేటప్పుడు రెండు కింగ్‌పిన్‌లూ ఎదురెదురుగా, బోర్డు మధ్యకి చూస్తూ ఉండాలి. నాలుగు బోల్టులూ మూల నుంచి మూలకి కొంచెం కొంచెంగా బిగించండి. కింగ్‌పిన్ నట్టు మర చివరకి సమంగా వస్తే చాలు. బుషింగ్ (కింగ్‌పిన్ చుట్టూ ఉండే యూరిథేన్ దిమ్మ, రబ్బరులా ఉంటుంది) పక్కలకి ఉబ్బిందంటే ఎక్కువైనట్టే, నాలుగు రోజుల్లో చీలుతుంది. ఇంకా గట్టిగా కావాలనిపిస్తే నట్టు జోలికి పోకుండా 90ఏ బుషింగ్ తీసేసి 94ఏ వేయండి; నెంబరు పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ. విజయవాడ మే నెల ఎండకి యూరిథేన్ మెత్తబడుతుంది; పొద్దున్నే ఘాట్ దగ్గర సరిపోయిన బిగింపు మధ్యాహ్నానికి వదులనిపిస్తే కంగారుపడి తిప్పేయకండి, పావు చుట్టు చాలు.

పార్శిల్ విప్పగానే యాక్సిల్‌ని రెండు చివరలా పట్టుకుని అటూ ఇటూ నెట్టి చూడండి. కొంచెం కదిలినా వెనక్కి పంపేయండి. వాడుతుండగా కదలడం మొదలైతే, చివరన నట్టు తొడిగి, మర దెబ్బతినకుండా నట్టు మీదే సుత్తితో కొట్టి మధ్యకి తేవచ్చు. కానీ అది మళ్ళీ జారుతుంది.