4 జీబీ పెళ్లి వీడియో 1 టీబీ అని చూపిస్తే

పర్లాకిమిడిలో మా వీడియో స్టూడియో. సరిహద్దు దాటి పాతపట్నం పెళ్లిళ్లు కూడా మేమే తీస్తాం. ఫుటేజీ అంతా ఒక లినక్స్ సర్వర్లో ఉంటుంది, ఎడిటింగ్ సిస్టమ్‌లు దాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) మౌంట్ చేసుకుంటాయి, అంటే సొంత డిస్కులా తగిలించుకుంటాయి.

సమస్య

బ్యాకప్ స్క్రిప్టు "చోటు లేదు" అని ఆగిపోయింది. రాసింది మా బావమరిది. "4 జీబీ ఫైలు 1 టీబీ అంటంది బావా, ఏటిది?" అన్నాడు. అదే ఫైలు లోకల్ డిస్కులో పెడితే లెక్క సరిగ్గానే వస్తోంది.

కారణం

రెండు చోట్లా ఆ ఫైలు మీద స్టాట్ కమాండ్ (ఫైలు వివరాలు చూపేది) కొట్టి చూడండి. బ్లాకుల సంఖ్య దాదాపు ఒకటే, సుమారు 83.9 లక్షలు. తేడా అంతా "ఐఓ బ్లాక్" దగ్గరే: లోకల్‌లో 4096, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో 1048576.

లినక్స్‌లో ఎస్‌టీ_బ్లాక్స్ (పైన చూసిన బ్లాకుల సంఖ్య) ఎప్పుడూ 512 బైట్ల లెక్కే. ఎస్‌టీ_బ్లక్‌సైజ్‌కి (పైన చూసిన ఐఓ బ్లాక్) దానితో చుట్టరికం లేదు. ఒక్కసారికి ఎంత చదివితే, రాస్తే మేలో చెప్పే సలహా అది. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ దాన్ని డబ్ల్యూసైజ్ (సర్వర్‌కి ఒక్కసారికి ఎంత రాసి పంపాలో చెప్పే మౌంట్ సెట్టింగు) నుంచి తీసుకుంటుంది. మావాడు ఈ రెండింటినీ గుణించాడు. లోకల్‌లో 8 రెట్లు వచ్చేసరికి, ఎందుకని అడక్కుండా 8తో భాగించేశాడు! ఎన్‌ఎఫ్‌ఎస్‌లో 2048 రెట్లు వస్తుంది, 8తో భాగించినా 256 రెట్లు మిగులుతుంది.

చేయకూడనిది

మౌంట్‌లో డబ్ల్యూసైజ్ 4096 చేస్తే అంకె సరిపోతుంది. మేమూ చేశాం. రాతలన్నీ 4 కేబీ ముక్కలై కాపీ నత్తనడక పట్టింది.

పరిష్కారం

బ్లక్‌సైజ్‌నీ ఆ 8నీ తీసేసి, ఎస్‌టీ_బ్లాక్స్‌ని 512తో గుణించండి. అంతే. పైథాన్‌లో ఇక చూసుకోవాల్సింది లేదు. సీ భాషలో అయితే గుణించే ముందే 64 బిట్లకు మార్చాలి. 32 బిట్లలో గుణిస్తే 83,88,608 బ్లాకుల ఫైలు సరిగ్గా సున్నా అయి కూర్చుంటుంది.

ఖాళీ చోటు లెక్కకు ఎఫ్_బవెయిల్‌ని (వాడుకోగల ఖాళీ బ్లాకుల సంఖ్య) ఎఫ్_ఎఫ్‌ఆర్‌సైజ్‌తో (ఆ ఒక్కో బ్లాకు సైజు) గుణించాలి, ఎఫ్_బిసైజ్‌తో (ఒక్కసారికి చదివి రాసే సైజు సలహా) కాదు. లినక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఆ రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడదు, మాక్‌లో పడొచ్చు.

కాపీ పూర్తయిందా అని తేల్చుకోవడానికి మాత్రం బ్లాకులు చూడకండి, సర్వర్ డిస్కులో కంప్రెషన్ ఉంటే అవి తగ్గుతాయి. ఎస్‌టీ_సైజ్ (ఫైలు అసలు పొడవు, బైట్లలో) పోల్చండి, ఇంకా అనుమానముంటే చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కించే గుర్తింపు అంకె) తీయండి.