మింక్ రగ్గుకి ముక్కిన వాసన పోయిందిలా

మా మింక్ రగ్గు ఎన్నిసార్లు ఉతికినా ముక్కిన వాసన వచ్చేది. పౌడర్ మార్చి చూశాం, లాభం లేదు. మింక్ రగ్గులు ఎక్కువగా పాలిస్టరే. దారం నీళ్లు పెద్దగా పీల్చదు కానీ, ఆ దట్టమైన నూగులో నురగ, తడి ఇరుక్కుపోతాయి.

ఇప్పుడు లిక్విడ్ సగమే వేస్తున్నాను. ఆఖరి జాడింపులో అరకప్పు తెల్ల వెనిగర్. సువాసన కోసం పోసే కండిషనర్ పూర్తిగా మానేశాను, అది నూగుకి జిడ్డులా పట్టుకుంటుంది. మెలిపెట్టి పిండకుండా డాబా పిట్టగోడ మీద వేసి నీళ్లు కారనిస్తాను. తర్వాత ఎడంగా కట్టిన రెండు తాళ్ల మీద పరుస్తాను, మధ్యలోంచి గాలి ఆడాలి. మధ్యాహ్నం ఒకసారి తిరగేస్తే సరి. వాసన పోయింది! ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి, నూగు కరిగి అట్టకడుతుంది.

సోలాపూర్ నూలు దుప్పట్లతో పేచీ లేదు. వేడినీళ్లు, మంచి ఎండ చాలు. 60 డిగ్రీల నీళ్లయితే దుమ్ములోని సన్న పురుగులూ చస్తాయి. కొత్తవి రంగు దిగుతాయి, విడిగా ఉతకాలి.

నాన్నగారి గొంగడి దారి వేరు. ఉన్ని కదా, వేడి, రుద్దుడు రెండూ కలిస్తే ముడుచుకుపోతుంది. ఎక్కువగా ఎండలో దులిపి ఊరుకుంటాం. మరీ తప్పనిసరైతే కాస్త షాంపూ కలిపిన చన్నీళ్లలో ముంచి, చేత్తో నొక్కి, నీడలో నేలమీద పరిచి ఆరబెడతాం. తాడుకి వేలాడేస్తే తడి బరువుకి సాగిపోతుంది.