సయనోటైప్‌కు డిజిటల్ నెగెటివ్: తెలుపు తెల్లగా రాకపోతే

సయనోటైప్ అంటే రసాయనం పూసిన కాగితంపై ఎండతో నీలి బొమ్మ తీసే పద్ధతి. డిజిటల్ నెగెటివ్ అంటే ఆ కాగితంపై పెట్టడానికి పారదర్శక ఫిల్మ్‌పై ప్రింట్ చేసిన, వెలుగునీడలు తారుమారైన బొమ్మ. ప్రింటర్ సెట్టింగుల జోలికి వెళ్లకముందు ఫిల్మ్ మూలను తడి వేలితో తాకి చూడండి. వేలికి జిగురుగా అంటుకునేది పూత ఉన్న వైపు, జారిపోయేది ఉత్త ప్లాస్టిక్. ఇంక్ పడాల్సింది జిగురు వైపే. పాడైన నెగెటివ్ చేతికి తీసుకోగానే ఈ పరీక్ష జరగలేదని తెలిసిపోతుంది. అయినా మళ్లీ మళ్లీ ఇదే వదిలేస్తుంటారు.

ఇంక్ బొట్లుగా పేరుకుంటోంది, ఆరడం లేదు

షీట్ తిరగబడి ఉంటుంది, లేదా అది ఇంక్‌జెట్ ఫిల్మే కాదు. లేజర్ ప్రింటర్లకు, జిరాక్స్ యంత్రాలకు చేసిన ఓహెచ్‌పీ షీట్‌కు (ప్రొజెక్టర్‌పై వాడే పారదర్శక షీట్) ఇంక్ పీల్చుకునే పూత ఉండదు. ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. ఇంక్‌జెట్‌కు పనికొస్తుందని అట్టపై రాసి ఉన్నదే కొనండి.

బొమ్మ అంచులు మసకగా ఉన్నాయి

ఇంక్ ఉన్న వైపు కాగితాన్ని తాకాలి. అందుకే బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ చేయాలి. పైన గాజు పలకను గట్టిగా బిగించాలి.

ముఖం, ఆకాశం ఎంత కడిగినా లేత నీలంగానే మిగులుతున్నాయి

ముందు రసాయనం పూసిన కాగితం ముక్క ఒకటి అసలు వెలుతురు చూపించకుండా కడగండి. అదీ నీలంగానే ఉంటే తప్పు కాగితానిదో రసాయనానిదో, నెగెటివ్‌ది కాదు. అది తెల్లబడితే అసలు దొంగ ఇంక్.

దీన్ని పట్టుకోవడం కష్టం. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే నెగెటివ్ చిక్కటి నలుపు, ఎవరికీ అనుమానం రాదు. ఎండలో ఉంచే సమయం తగ్గిస్తే తెలుపు వస్తుంది కానీ నీడలు వెలిసిపోతాయి. పెంచితే నీడలు నిలుస్తాయి, తెలుపు పోతుంది. అప్పుడు అందరూ కర్వ్ (ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఛాయలను ముదురుగా, లేతగా సర్దే గీత) సవరించడం మొదలుపెడతారు. కర్వ్ ఉన్న ఛాయలను సర్దగలదు, నెగెటివ్‌లో లేని అడ్డును తెచ్చిపెట్టలేదు.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రీసయనైడ్ కలిపి కాగితానికి వేసే పూత ముఖ్యంగా అతినీలలోహిత కాంతికి స్పందిస్తుంది. కంటికి నల్లగా కనిపించే డై ఇంక్‌లోంచి (ద్రవంలో కరిగిపోయిన రంగు) ఆ కాంతి చాలావరకు దూసుకుపోవచ్చు. ఇంట్లో వాడే ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి నలుపు సీసా పిగ్మెంట్ (కరగని సన్నటి రేణువుల రంగు), మూడు రంగులూ డై. డ్రైవర్‌లో గ్లాసీ ఫోటో పేపర్ ఎంచుకుంటే అలాంటి ప్రింటర్లు ఆ నలుపును పక్కనపెట్టి మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి. చూపుకు తేడా దొరకదు, కాగితం మాత్రం పసిగట్టేస్తుంది.

పరిష్కారం వరుస తప్పకుండా చేయాలి. ఖాళీ ఫిల్మ్ ముక్కను పూసిన కాగితంపై పెట్టి, ఒక్కో పట్టీకి వరుసగా 2, 4, 6, 8, 10 నిమిషాల ఎండ తగిలేలా చూడండి. కడిగి, పూర్తిగా ఆరాకే చూడండి, ఎందుకంటే సయనోటైప్ ఆరేకొద్దీ ముదురుతుంది. ఏ పట్టీ నుంచి నీలం ఇక ముదరడం లేదో అదే మీ సమయం. చివరి పట్టీ వరకూ ముదురుతూనే ఉంటే సమయం ఇంకా పెంచండి. ఎండ గంటగంటకూ మారుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నమే పని పెట్టుకోండి. 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం ఉంటే మరీ మంచిది.

ఇప్పుడు నలుపు, ఎరుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ చతురస్రాలను నిండు ఇంక్‌తో, రెండు మూడు రకాల పేపర్ సెట్టింగుల్లో ప్రింట్ చేసి, అదే సమయం ఎండ చూపించండి. కాగితం తెల్లగా మిగిలిన చోట ఏ రంగు ఉందో, నెగెటివ్‌ను ఆ రంగులోకి మార్చండి. కంటికి పలచగా కనిపించే పసుపో ఆకుపచ్చో నలుపును మించి అడ్డుకోవచ్చు. కాగితం మాటే నమ్మండి. మెట్ల పట్టీ (లేత నుంచి ముదురు దాకా మెట్లుగా మారే ఛాయల పట్టీ) తీసి కర్వ్ గీయడం ఆ తర్వాతి సంగతి.

ఏ చతురస్రమూ తెలుపు ఇవ్వకపోతే, ఒకే నెగెటివ్‌ను రెండు ఫిల్మ్‌లపై ప్రింట్ చేసి, అంచులు సరిపోయేలా ఒకదానిపై ఒకటి పేర్చి వాడండి. కాస్త స్పష్టత తగ్గుతుంది. అన్ని రంగులూ పిగ్మెంట్ ఇంకే ఉన్న ప్రింటర్ దొరికితే ఈ తంటా తగ్గవచ్చు.

మిగతావి

అడ్డ గీతలు వస్తే ప్రింటర్‌లో నాజిల్ చెక్ (ఇంక్ రంధ్రాల పరీక్ష) చేసి, హై స్పీడ్ సెట్టింగ్ ఆపేయండి. చుక్కల వరుసలు ప్రింటర్ పళ్ల చక్రాలవి. మందపు ఫిల్మ్‌ను వెనక ట్రేలోంచి పంపండి. కోస్తాలో వానాకాలం ఫిల్మ్ పూత తేమ పీల్చి కాగితానికి అతుక్కుంటుంది. నెగెటివ్‌ను రాత్రంతా ఆరనిచ్చి, పూసిన కాగితం బాగా ఎండాకే రెండూ కలపండి.