చెక్క విల్లు లోపలి ముఖంపై ముడతలు: గుర్తింపు, కారణం, మరమ్మతు

లక్షణం

విల్లును వంచినప్పుడు వెలుపలి ముఖం సాగుతుంది, విలుకాడి వైపున్న లోపలి ముఖం నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడికి చెక్క తాళలేకపోతే లోపలి ముఖం మీద, పీచుకు అడ్డంగా, వెంట్రుకంత సన్నని ముడతలు పుడతాయి. టార్చి వెలుతురును ఏటవాలుగా వేసి గోటిని నెమ్మదిగా నడిపిస్తే వాటి దగ్గర గోరు తగులుకుంటుంది. పనిముట్టు గీతేమోనన్న అనుమానం ఉంటే గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది చూడాలి. గీత అయితే చెరిగిపోతుంది, ముడత మిగులుతుంది. నారి విప్పాక కూడా విల్లు ఒక్కచోట వంగి ఉండిపోవడం మరో గుర్తు.

కారణం

ముడత కనిపించగానే చాలామంది అక్కడే గీకుతారు. అంతకు మించిన పొరపాటు లేదు. ఆ చోటు ఇప్పటికే అతిగా వంగుతోంది, ఎందుకంటే దానికి అటూ ఇటూ ఉన్న చెక్క బిగుసుకుపోయి తన వంతు వంగడం లేదు. వెడల్పు మారకుండా మందంలో 10 శాతం తగ్గితే బిగువు సుమారు 27 శాతం పడిపోతుంది కనుక, కంటికి ఆనని పల్లం కూడా భారమంతా తన మీదకు లాక్కుంటుంది. విల్లును సగం వరకే లాగి పట్టుకోమని మరొకరికి చెప్పి, 15 సెంటీమీటర్ల తిన్నని కర్రముక్కను లోపలి ముఖం వెంట జరుపుతూ పోతే, సందు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే దోషం అక్కడ ఉన్నట్టు.

వంపు అంతటా సమంగా ఉన్నా ముడతలు వస్తే పచ్చి చెక్కను అనుమానించాలి. తేమ ఎక్కువైన కొద్దీ ఒత్తిడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. 8 నుంచి 10 శాతం తేమ విల్లుకు అనువైనది. మెత్తని చెక్కకు వెలుపల వెదురు బద్ద అతికించినా ఇదే ఫలితం రావచ్చు, వెదురు అంతగా సాగదు, దాంతో లోపలి చెక్క నలుగుతుంది.

పరిష్కారం

ముడతలు రెండు మూడే ఉండి లోతు లేకపోతే, వాటిని తాకకుండా ఇరుపక్కల బిగుసుకున్న భాగాన్ని పలచగా గీకుతూ, ప్రతి దఫా వంపు చూసుకుంటూ, భారాన్ని పంచాలి. విల్లు బలం కొంత తగ్గుతుంది, అందుకు సిద్ధపడవలసిందే.

లోతైన ముడతలకు అతుకు అవసరం. నలిగిన పీచు పూర్తిగా పోయేవరకు పడవ అడుగులా, రెండు కొనలూ నున్నగా తేలిపోయేలా పల్లం తీయాలి. గట్టి చెక్క నుంచి పీచు నిడివి వెంట సన్నని బద్ద కోసి, ఆ పల్లంలో వెలుతురు దూరని విధంగా కూర్చి, ఎపాక్సీ పూసి క్లాంపులతో బిగించాలి. జిగురు పూర్తిగా గట్టిపడ్డాక అతుకును చుట్టుపక్కల మట్టానికి దించి, వంపును మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి. దారం చుట్టడం అతుకు కొనలు లేవకుండా కాపాడుతుందే తప్ప నలిగిన చెక్కకు బలమివ్వదు.

వెలుపలి ముఖం మీద కూడా పేడు లేస్తే ఆ విల్లును ఇక ఎక్కుపెట్టకూడదు.