ఉద్యోగం చేస్తూ నేర్చుకునే పని స్థల భద్రత – నాలుగో పాఠం: పర్మిట్ కాగితాన్ని చదవడం

రియాక్టర్, నిల్వ ట్యాంకు, మురుగు గొయ్యి వంటి ఇరుకు స్థలాల్లోకి మనిషి దిగే ముందు రాసి ఇచ్చే అనుమతి ఈ వారం మన అంశం. షిఫ్ట్ దిగివచ్చి రాత్రిపూట ఫోన్‌లో పాఠం వినేవారు, వీడియో మొదలుపెట్టే ముందే, తమ ప్లాంటులో పని ముగిసిన పాత పర్మిట్ ఒకటి సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగి చూసి, అందులోని గడులను నోటుపుస్తకంలో చేత్తో గీసుకోవాలి.

గ్యాస్ పరీక్ష గడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, చివర విషవాయువులు అనే వరుసను చాలామంది కంఠస్థం చేసి పరీక్ష రాసేస్తారు గాని, కారణం తెలిస్తే బట్టీ పట్టే అవసరమే ఉండదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 శాతం కన్నా తగ్గినా, మంట రేగే అపాయం పెరిగే 23.5 శాతం దాటినా దిగనివ్వకూడదు. మండే వాయువులకు ఎక్కువగా వాడే సెన్సర్, ఆ వాయువును తనలో కాస్త మండించి కొలుస్తుంది కాబట్టి, ఆక్సిజన్ చాలని చోట ఉన్నదానికన్నా తక్కువ అంకె చూపిస్తుంది. నైట్రోజన్ నింపిన రియాక్టర్‌లో ఆ అంకెను నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. నైట్రోజన్‌కు రంగూ వాసనా లేవు. ఆక్సిజన్ బాగా తగ్గిన చోట ఒకటి రెండు శ్వాసలకే మనిషి కుప్పకూలవచ్చు.

హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, మీథేన్ తేలిక. అందుకే పైన, మధ్యన, అడుగున కొలవాలి. లోపలి గాలిని పరికరానికి లాగే గొట్టం పొడవును బట్టి అంకె నిలకడగా వచ్చేదాకా ఆగాలి.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక కర్మాగారంలో చూసిన పర్మిట్ ఇప్పటికీ కళ్ల ముందుంది. మూడు ఎత్తుల దగ్గరా 20.9, మూడింటికీ ఒకే సమయం, ఒకే చేతిరాత. మ్యాన్‌హోల్ మూత బోల్టులు మాత్రం అప్పటికింకా విప్పనే లేదు. అది పట్టుకున్నది సేఫ్టీ విభాగం కాదు, దిగవలసిన ఫిట్టరే.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది: అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేదా దిగే మనిషి శ్వాస పరికరం ధరించి, బెల్టుకు కట్టిన తాడు రెండో కొసను బయటివారి చేతికివ్వాలి. ఆ బయట నిలిచే మనిషి ఏం జరిగినా తాను లోపలికి దూకకూడదు. కాపాడబోయి చనిపోయినవారి కథలు మన మురుగు గుంతల దగ్గర ఎన్ని వినలేదు!

లోపలికి వచ్చే పైపు లైన్ల గడిలో ‘వాల్వు మూశాం’ అని ఉంటే ఒప్పుకోకండి. మూసిన వాల్వు కూడా కారవచ్చు గనుక, లైను విడదీయడమో, పైపులను కలిపే ఫ్లాంజ్‌ల మధ్య దారిని పూర్తిగా మూసేసే పలక, అంటే బ్లైండ్, వేయడమో జరగాలి.

ఈ వారం అభ్యాసంగా, మీరు గీసుకున్న పర్మిట్‌లో ప్రతి అంకె పక్కన ‘ఇది ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు కొలిచారు’ అని రాసి, జవాబు దొరకని గడులను ఎర్ర సిరాతో చుట్టండి. వచ్చే పాఠంలో రియాక్టర్ కలియబెట్టే మోటారుకు తాళం వేసే పద్ధతిని ఆ గడుల నుంచే మొదలుపెడదాం.